ఆటపాప వయసు

ధర్మవరం, బొమ్మల కొట్టాల
1998 జనవరి 19

పాపా యశోదా,

మీ అత్త హనుమంతమ్మ రాస్తాండా. నీ కార్డు నిన్న అందె. రెండుసార్లు చదివినా, ఒక తావ అర్థం కాలే. హిందూపురం స్కూలు వదిలి పెనుకొండకు పోతాండానని ఉండాది. వదిలేసినావా, ఇంకా వదలాల్నా? వదిలేసింటే ముందే నాకు ఒక మాట చెప్పాల్సింది. వదలకుండా ఉంటే కాస్త నిదానించు తల్లీ. హిందూపురంలో నీకు గవర్మెంటు ఉద్యోగం. పిల్లోళ్ళకు మామిడికాయ, కుండ గీసి చూపిస్తావు, ఒకటో తేదీకి జీతం. పెనుకొండలో ఏముండాది? కోట ఉండాది, కొండ ఉండాది, కోతులుండాయి. ఒంటి ఆడదానివి యాడ ఉంటావు, తలుపుకు గడియ గట్టిగా ఉంటుందా, నీళ్ళు ఎంత దూరం, ఇవేవీ రాయలే నువ్వు.

బొమ్మల మ్యూజియం అని రాసినావు. మ్యూజియం అంటే చచ్చిపోయినోళ్ళ సామాన్లు పెట్టేదని పక్కింటి దాసమ్మ చెప్పె. అది నిజమా? మన తోలుబొమ్మలు ఇంకా బతికే ఉండాయి గదా. ఆట అడిగేవాళ్ళు లేరు, అంతే.

పోయినేడు బెంగుళూరులో నీ బొమ్మలు గోడకు మేకులు కొట్టి తగిలించినావని నా మరిది ఓబుళప్ప ఇంకా మరిచిపోలే. ఎవరొచ్చినా అదే చెప్తాడు. అన్న కూతురి మాదిరి సాకితే కులం పరువు మేకుకు తగిలించిందంటాడు. కొన్నాళ్ళు ఈ తట్టు రావద్దు. ఆయన ఇంటి పక్క రూములో, ఆయన భార్య పెట్టే సంగటి తింటా ఉండేదాన్ని, మీ ఇద్దరి నడుమ నలగలేను.

నాది పెద్దోళ్ళ బడిలో నేర్చుకున్న రాత. తప్పులుంటే సర్దుకో. తిన్నావా లేదా అది ముందు రాయి.

మీ అత్త

*

హిందూపురం
1998 ఫిబ్రవరి 2

అత్తకు,

తిన్నాను. స్కూలు వదల్లేదు, ఒక సంవత్సరం లీవు పెట్టినా. వచ్చే జనవరికి లీవు అయిపోతుంది. అంతలోపల పెనుకొండ వాళ్ళు నన్ను ఖాయం చేస్తే అక్కడే ఉంటా, లేకుంటే మళ్ళా హిందూపురమే. ఇప్పుడన్నా నీ గుండె కాస్త నిమ్మళించిందా?

ఒక ట్రస్టు వాళ్ళు పెనుకొండలో పాత బంగళా బాగుచేయించి తోలుబొమ్మల మ్యూజియం పెడుతున్నారు. బొమ్మలు సేకరించి, ఏది ఎప్పటిది, ఎవరు కోసినారు అని కనుక్కొని, రాసి, గదుల్లో అమర్చే మనిషి కావాలన్నారు. ఏడుగురం పోతిమి. అందులో బొమ్మలాట ఇంట్లో పుట్టింది నేనొక్కదాన్నే. ఇన్నాళ్ళూ మన బొమ్మల గురించి రాసినోళ్ళూ, అమర్చినోళ్ళూ అంతా బయటోళ్ళు.

నిజం చెప్పాలంటే అలిసిపోయినా అత్తా. పన్నెండేండ్లుగా సెలవులన్నీ ఎగ్జిబిషన్లకు పెడుతున్నా. బెంగుళూరులో నా బొమ్మల గురించి నాలుగు మాటలు చెప్దామని పోతే, కింద చాప పరిచి, ఉలి చేతికిచ్చి కొడుతూ ఉండమన్నారు, ఫోటోలకు బాగుంటుందని. మాట్లాడేకి వేరే ఆయన ఉన్నాడు. ఈ ఉద్యోగంలో మాట్లాడేది నేను. అది పోగొట్టుకోవాలని లేదు.

అందుకే అడుగుతున్నా. ఆటపాప బొమ్మను పంపిస్తావా? మొదటి గదిలో నట్టనడుమ పెట్టుకుంటా. ఆట మొదలయ్యేది దాని నాట్యంతోనే గదా, మ్యూజియం కూడా అట్లే మొదలు కావాలని నా ఆశ. దాంతోపాటు ఒక ఫారం నింపాలి. ఎవరు కోసింది, ఎన్నేండ్లది. నీకు తెలిసింది రాయి.

నీ యశోద

*

ధర్మవరం
1998 ఫిబ్రవరి 23

పాపా,

నీ జాబు చూసినప్పటినుంచి అన్నం దిగలే. పంపిస్తే ఒక భయం, పంపకుంటే ఒక భయం. బొమ్మల పెట్టె ఓబుళప్ప తావ ఉన్నా ఆటపాప నాది. మా అత్త పోయేముందర నా చేతికిచ్చింది, ఆ మాట ఓబుళప్ప కూడా కాదనలేడు. పొద్దున ఆయన్ను అడిగితి. మాయిటాల వచ్చి, 'పంపు వదినా. మా ఇంటి చేతి పని నలుగురూ చూడనీ. అయితే ఆ పిల్ల మేకు కొడితే మాత్రం నేనే పోయి పీక్కోనొస్తా' అనె. ఆయన అంతకన్నా మెత్తగా మాట్లాడింది ఈ మధ్యలో నేను ఇనలే.

పట్టుచీరల మూటలు వేసుకొని వారానికొకసారి హిందూపురం పోయే హుస్సేన్ సాయిబు చేతికిస్తాండా. పెనుకొండలో దిగి ఇచ్చిపోతానన్నాడు. పాత పంచెలో చుట్టి రెండు అట్టల నడుమ పెట్టినా. మడత పెట్టొద్దు. ఎండకు పెట్టొద్దు. ఎలకలు ఉండాయేమో చూసుకో, తోలు వాసనకు వస్తాయి. చెయ్యి తడిగా ఉంటే ముట్టొద్దు.

ఫారంలో రాసుకో. కోసింది మా అత్త వాళ్ళ తాత. నూటయాభై ఏండ్లు. మా అత్త అట్లే చెప్తాండె, నేనూ అట్లే చెప్పాల. ఇంతకు మించి ఎవరన్నా అడిగితే మా అత్తను అడగమను. ఆమె పోయి ముప్పై ఏండ్లాయ. నువ్వు మాత్రం ఎక్కువ మాట్లాడొద్దు.

హుస్సేన్ సాయిబు బొమ్మ చేర్చినాంక నాకొక కార్డు రాయి. ఆయన మంచోడే, కానీ బస్సులో నిద్రపోతాడు.

మీ అత్త

*

పెనుకొండ
1998 మార్చి 12

అత్తకు,

ఆటపాప భద్రంగా చేరింది. సాయిబు నిద్రపోలేదంట. 'మీ అత్త మొకం గుర్తొస్తే నిద్ర యాడ పడుతుందమ్మా' అని చెప్పి పోయినాడు.

పంచె విప్పుతానే ఆముదం వాసన. పనోళ్ళందరూ చేతిలో పని వదిలి వచ్చి నిలబడినారు. నడుము కీలు కదిలించి చూపిస్తే సున్నం కొట్టే ఆయన నవ్వినాడు. ఇంత చిన్న చిల్లు, ఇంత దగ్గర దగ్గరగా, నేను ఇంకే బొమ్మలోనూ చూడలేదు. మెడ కాడ హారంలో వెంట్రుక పట్టేంత సందు. ఫారంలో నువ్వు చెప్పినట్లే రాసినా, నూటయాభై ఏండ్లు. సెక్రెటరీ గారు చదివి, మ్యూజియం అంతటికీ ఇదే తలకాయ అన్నారు. ఉగాది అయినాంక హైదరాబాదు నుంచి పాత బొమ్మలు పరీక్ష చేసే పెద్దాయన వస్తాడు. ఆయన సంతకం పెడితే నా ఉద్యోగం సగం ఖాయమైనట్లే.

మ్యూజియం గురించి చిన్న పుస్తకం అచ్చు వేసినారు, ఒకటి దీంతో పెట్టినా. నా గురించి కూడా ఉంది. మామ అంజనప్ప కోసిన బొమ్మలు చూసి ఉలి నేర్చుకుందని వేసినారు. చదువు.

ఒకటే అనుమానం. రంగు ఇంత కొత్తగా ఉంది. నువ్వేమన్నా పూసినావా?

నీ యశోద

*

ధర్మవరం
1998 మార్చి 20

పాపా,

పూసినా. పరాయోళ్ళ ఇంటికి పోయే పిల్లను మాసిపోయిన మొకంతో పంపుతారా ఎవరన్నా? పెదవికి ఎరుపు, రవికకు పచ్చ, కాటుక. అంతే పూసినా. అది తప్పంటే చెప్పు, తడిగుడ్డతో తుడిస్తే కొంచెం పోతుంది. ఎక్కువ రుద్దొద్దు.

పుస్తకం చదివినా. మీ మామ పేరు అచ్చులో వేసినారు. బాగుండాది. ఓబుళప్పకు చూపిస్తే కొట్టాలంతా తిప్పి చూపించె. చూపు మందగించినా మా అన్న ఎట్ల కోసె చూడండి అని అందరికీ చెప్పె. బాగుండాది.

ఆ హైదరాబాదు ఆయన ఏం పరీక్ష చేస్తాడు? సూదితో పొడుస్తాడా, మందేమన్నా వేస్తాడా? ఎంత వయసాయన? కండ్లు బాగా కనిపిస్తాయా ఆయనకు? ఆయన వచ్చే పొద్దుకు ఆటపాపను ఒక పక్క పెట్టేకి కాదా, కీలు ఊడింది, దారం కట్టాల అని చెప్పి. వేరే బొమ్మలు చూపించు. మొదటి గది మొదటే చూడాలని ఏముండాది.

నాకు ఎందుకో దిగులుగా ఉండాది. ఊరికే. నీకు తెలుసు గదా నా సంగతి, చెట్టు మింద ఆకు కదిలినా దిగులే.

మీ అత్త

*

పెనుకొండ
1998 ఏప్రిల్ 24

అత్తా,

ఆయన నిన్న వచ్చి పోయినాడు. భూతద్దం పెట్టి ఒక గంట చూసినాడు. నువ్వు పూసిన రంగు సంగతి నేనే ముందు చెప్పినా. పైరంగు కాదు, తోలే చూస్తున్నా అన్నాడు. తర్వాత ఆటపాపను పక్కన పెట్టి, దీనికి పాతికేండ్లు కూడా ఉండవు అన్నాడు.

అంతటితో ఆగలేదు. నేను కోసిన బొమ్మ ఒకటి తెప్పించుకొని రెండూ పక్కపక్కన పెట్టినాడు. చిల్లు కొట్టే వరస ఒకటే, మలుపు కాడ మూడు చిన్నవి కొట్టి ఒక పెద్దది కొట్టేది ఒకటే. 'ఈ అమ్మాయి తన చేత్తో కోసి తాతలనాటిదని రాసింది' అని అందరి ముందర అన్నాడు. సెక్రెటరీ గారు నా తట్టు చూడలేదు. ఆటపాపను గది నుంచి తీయించి బీరువాలో పెట్టి తాళం వేసినారు. కమిటీ కూచునే దాకా నేను ఏ బొమ్మనూ ముట్టకూడదంట.

నేను కోయలేదని నాకు తెలుసు. నీకూ తెలుసు. మరి ఆయన చెప్పేది కూడా అబద్ధం కాదని దాన్ని చూస్తే నాకే అనిపిస్తోంది. రెండు పక్కపక్కన పెట్టినప్పుడు నాకే భయమయింది.

నాకు ఇంకేమీ వద్దు. ఆరోగ్యం, తిండి, గడియ, ఎలకలు ఏమీ రాయొద్దు. ఆటపాపను ఎవరు కోసినారు, అది రాయి.

యశోద

*

ధర్మవరం
1998 మే 1

పాపా,

నీ జాబు వచ్చి నాలుగు దినాలాయ. రాసి రాసి చించేసినా. ఇది పోస్టు డబ్బాలో వేసేదాకా నాకే నమ్మకం లేదు.

నిదానంగా చదువు.

మన ఇండ్లలో బొమ్మ చినిగి చచ్చిపోతే చిత్రావతి ఏట్లో వదిలిపెడతారని నీకు తెలుసు. అంతవరకే తెలుసు. దానికి ముందర చేసేది పెద్దోళ్ళు ఇంటి లోపల చేసేది. పాత బొమ్మను కొత్త తోలు మింద పరిచి, అంచు వెంబడి దబ్బనంతో గీసి, చిల్లుకు చిల్లు దింపుకుంటారు. కన్ను మాత్రం కోయరు. ఏట్లో నీళ్ళొచ్చిన పొద్దు పాతదాన్ని నీళ్ళలో వదిలి, తిరిగొచ్చి కొత్తదానికి కన్ను కోస్తారు. అప్పటినుంచి అదే బొమ్మ. చచ్చిపోయిందని గాని, కొత్తది చేసినామని గాని బయట అనేది లేదు. అంటే బొమ్మ నిలబడదంటారు. తోలు మార్చుకునింది అని మాలో మేము అనుకుంటాం. ఎవరన్నా వయసు అడిగితే మొదట కోసినోని కాడినుంచి చెప్తాం. మా అత్త నాకు అట్లే చెప్పె, నేను నీకు అట్లే చెప్తి. నిన్ను మోసం చేయాలని చెప్పలే. ఫారం వాళ్ళు అడిగేది తోలు వయసు అని నాకు తట్టలే పాపా. మీ పెద్దాయన వస్తాడన్నప్పుడు తట్టింది. అప్పుడు నోరు రాలే.

ఆటపాప తోలు మార్చుకునింది ఎమర్జెన్సీ వచ్చిన ఏడు. మీ నాయన బతికే ఉండె, నువ్వు ఇంకా మా ఇంటికి రాలే.

ఇది సగమే. ఇంకో సగం రాయాల.

అప్పటికే మీ మామకు రెండు కండ్లలో పొర. చూపు మందగించిందని నలుగురికీ తెలుసు, పూర్తిగా పోయిందని నాకు తప్ప ఎవరికీ తెలీదు. గోడ పట్టుకొని నడిస్తే నడుము నొప్పి అని చెప్పేవాడు. ఓబులదేవరచెరువులో ఆట ఒప్పుకొని ఉండారు, ఆటపాప నడుము కాడ రెండు తునకలాయ. ఆడోళ్ళు తోలు గీకొచ్చు, రంగు పూయొచ్చు, పాడొచ్చు, ఆడించొచ్చు. ఉలి ముట్టకూడదు. ముట్టితే ఆ మేళానికి ఊరు పిలుపు రాదని మా అత్త కాలం నుంచి ఉండాది. నువ్వు ఉలి పట్టేటప్పటికి మేళమే లేదు, అందుకే ఎవరూ అడ్డం రాలే. ఓబుళప్పకు ఇస్తే ఆయన చెయ్యి మోటు. పైగా అన్నకు చూపు పోయిందని తెలిస్తే మేళం ఆయన చేతికి పోతాది.

మీ మామ నాతో అనె, 'తలుపు గడియ పెట్టు హనుమంతూ. నువ్వు కొయ్యి, నేను తడిమి చెప్తా.'

పదకొండు దినాలు. పట్టపగలే కోస్తిమి. బయటికి ఉలి సద్దు ఇనపడుతుంది, అంజనప్ప పనిలో ఉండాడని ఎవరూ తలుపు తట్టలే. నేను ఒక చిల్లు కొడితే ఆయన వేలితో తడిమి, ఇది దగ్గరాయ, ఇది ఓరగా పోయె అని చెప్పేవాడు. నాలుగు దినాలైనాంక చెప్పేది నిలిపేసినాడు. తడిమి ఊరికే కూచునేవాడు. కోపం వచ్చిందేమో అనుకుంటి. కన్ను కోసేది మాత్రం మొగోడే కోయాలని ఆయన చేతిలో ఉలి పెట్టి, ఆయన చెయ్యి నేను పట్టుకొని కోయిస్తి. అది కూడా నేనే కోసినట్ల.

ఆ ఒక్కటే కాదు. ఆయన పోయేదాకా తొమ్మిదేండ్లు, అంజనప్ప కోసినాడని ఈ కొట్టాలలో చెప్పుకునే బొమ్మలన్నీ నేను కోసినవే. నువ్వు ముందర పెట్టుకొని నేర్చుకుంటివే, అవే. మలుపు కాడ మూడు చిన్నవి, ఒక పెద్దది నా చేతి వాటం. మీ పెద్దాయన కండ్లు మంచివి. ఆయన్ను తిట్టుకోవద్దు.

ఓబుళప్పకు తెలిస్తే నేను ఈడ ఉండేకి కాదు. వాళ్ళ అన్న పేరు చెప్పుకొని బతికిన మనిషి. నాకు పోయేకి ఇంకో ఇల్లు లేదు. నీ ఉద్యోగం పోతాదంటే మాత్రం ఏం చేయాల్నో నాకు తెలీదు. చించేయాలంటే చించేయి. నీ ఇష్టం.

మీ అత్త

*

ధర్మవరం
1998 మే 25

పాపా,

జాబు రాలే. పోస్టాయనను ఐదుసార్లు అడిగితి. ఒంట్లో బాగుండాదా? కోపమైతే కోపమని ఒక ముక్క రాయి. దాసమ్మ ఎస్టీడీ బూతు కాడికి తోడు వస్తానంది గాని, ఫోనులో నువ్వు మాట్లాడకుంటే నేను ఏమి చేయాల అని పోలే.

మీ అత్త

*

పెనుకొండ
1998 జూన్ 3

అత్తకు,

ఒంట్లో బాగుంది. నీ జాబు దిండు కింద పెట్టుకొని ఇన్నాళ్ళు ఎవరికీ చూపించలేదు.

కోపం వచ్చింది. ఫారం గురించి కాదు, అది పోయింది పో. పన్నెండేండ్లుగా ప్రతి ఎగ్జిబిషన్‌లో, ప్రతి కాగితం మీద మామ చేతి పని చూసి నేర్చుకున్నానని రాసుకుంటి. అన్నీ నీకు పంపిస్తి. ప్రతిసారీ బాగుండాది అని రాస్తివి. ఒక్కసారన్నా నా చెవిలో చెప్పి ఉండకూడదా? మా ఇంట్లో ఎంతసేపూ వంటగదిలో దిగులుపడే అత్త అనుకుంటినే నిన్ను.

సరే. కమిటీ మొన్న కూచుంది. నేను కోయలేదని, మా ఇంటి వాళ్ళు చెప్పిన లెక్క వేరని మాత్రం చెప్పినా. ఎవరు కోసినారని అడిగితే వారం గడువు అడిగినా. సెక్రెటరీ గారు తర్వాత తన గదికి పిలిచి రెండు దారులు చెప్పినారు. ఫారం కొట్టేసి, 'పాత బొమ్మకు నకలు, కోసినవారు తెలియదు' అని నేను రాసిస్తే ఇది ఇంతటితో ముగుస్తుంది, జనవరికి నన్ను ఖాయం చేస్తారు. పేరు చెప్తానంటే నీ జాబు కమిటీకి చూపించాలి. అచ్చు వేసిన పుస్తకం మార్చాలి, పేపర్లో మామ గురించి వేసింది మార్చాలి. 'ఒక ముసలామె జాబు పట్టుకొని ఇంత గందరగోళమా అమ్మా' అన్నారు. అప్పుడు ఆ పెద్దాయన శిష్యుడిని నా పైన ఆఫీసరుగా తెస్తారు. ఆ మాట ఆయన అనలేదు, నాకు అర్థమయింది.

ఇల్లు పోయేది నీది. అందుకే నిన్ను అడగకుండా చేయను. చెప్పు.

నీ యశోద

*

ధర్మవరం
1998 జూన్ 8

పాపా,

తెలియదు అని రాయి. దీంట్లో ఆలోచించేది ఏముండాది. నీ ఉద్యోగం నిలబడాల. పేరు పెట్టుకొని ఈ వయసులో నేనేం చేసుకుంటా. ఓబుళప్ప భార్య నిన్న కూడా నాకు చేపల పులుసు తెచ్చి పెట్టింది, వాళ్ళు చెడ్డోళ్ళు కారు. నేను ఇన్నాళ్ళు ఎట్ల ఉంటినో అట్లే ఉంటా.

జాబు కాల్చేయి. చించితే ముక్కలు అతికించి చదువుతారు.

పేరు రాయాలంటే యాడ రాస్తారు, బొమ్మ మిందనా, కింద అట్ట మిందనా? ఊరికే అడుగుతాండా.

మీ అత్త

*

పెనుకొండ
1998 జులై 15

అత్తకు,

కింద అట్ట మీద రాస్తారు. రాసేసినా. నీ మాట ఇనలేదు.

తెలియదు అని రాసేకే కూచున్నా. మ్యూజియంలో నలభై బొమ్మలుంటే ముప్పై ఒకటికి నేనే నా చేత్తో తెలియదు అని రాసినా. కొట్టాలన్నీ తిరిగి, ముసలోళ్ళందరినీ అడిగి, నిజంగా తెలీక రాసినా. ముప్పై రెండోదానికి పెన్ను పట్టుకుంటే చెయ్యి రాలేదు. ఆ ముప్పై ఒకటిలో ఎన్ని ఇట్లా తలుపు గడియ పెట్టుకొని కోసినవో అనిపించింది. లేచి పోయి నీ జాబు కమిటీకి చదివి వినిపించినా. ఒకాయన ఇంకోసారి చదవమన్నాడు.

పెద్దాయన శిష్యుడు వచ్చే నెల వస్తున్నాడు. జనవరి దాకా ఆయన కింద పనిచేస్తా, తర్వాత హిందూపురం. ఆటపాప మొదటి గదిలోకి తిరిగి వచ్చింది. అంతవరకు పోరాడినా. ఇంక నాకు ఓపిక లేదు.

నీ ఇంటి మీదికి తెచ్చినా. తిట్టాలంటే తిట్టు. ఇల్లు పోతే నా తావ ఉండు, తలుపుకు గడియ గట్టిదే.

నీ యశోద

*

పెనుకొండ, నీ మ్యూజియం
1998 అక్టోబరు 6

పాపా,

భయపడొద్దు, ఎవరికీ ఏమీ కాలే. నేనే వచ్చినా. నువ్వు స్కూలు కాగితాల పని మింద హిందూపురం పోయినావని వాచ్‌మన్ ఎల్లప్ప చెప్పె. ఈ కాగితం, పెన్ను ఆయనవే. రాసి నీ మేజా మింద పెట్టిపోతా.

నీ జాబుకు నేను జవాబు రాయలే. తిట్టాలనే ఉండె, కానీ ఎవరిని తిట్టాల్నో తెలీలే. ఆగస్టులో హుస్సేన్ సాయిబు కొత్తగా అచ్చు వేసిన పుస్తకం తెచ్చి, మంచి పని చేస్తాండాననుకొని ఓబుళప్పకే ఇచ్చె. ఓబుళప్ప రెండు దినాలు అన్నం తినలే. మూడో దినం నా గడప కాడ నిలబడి, 'మా అన్న కోసినాడని ఊరూరా చెప్పుకుంటి గదా వదినా. నాకన్నా చెప్పాల్సింది' అనె. గలాటా చేస్తాడనుకుంటి. చేయలే. అదే నాకు కష్టమాయ. అప్పటినుంచి వాళ్ళింటి పిల్లోళ్ళు నా రూములోకి రారు. పొయ్యి వేరే పెట్టుకునినా. నా ఒక్కదానికి సంగటి కెలికేకి గిన్నె చిన్నది దొరకలే, పెద్ద గిన్నెలోనే కెలుకుతాండా. పొమ్మని మాత్రం ఇంకా అనలే.

మూడు దినాలుగా దిగులు పట్టుకునింది, ఆటపాపకు పురుగు పట్టిందేమో అని. అది సాకు. చూడాల అనిపించె.

మొదటి గదిలో చీకటి. తెల్లగుడ్డ తెర కట్టి, దాని ఎనక దీపం పెట్టి, ఆటపాపను తెరకు ఆనించినావు. నేను అలవాటుకు తెర ఎనక్కే పోబోతి. ఎల్లప్ప పిలిచి, 'అవ్వా, అట్ల కాదు, ముందర నిలబడి చూడాల' అనె.

నలభై ఏండ్లు ఆడిస్తి పాపా దాన్ని. తెర ఎనక చెయ్యెత్తి నిలబడితే నాకు కనిపించేది దాని వీపు, వెదురు దబ్బ, నా మోచెయ్యి. ముందర జనం నవ్వితే నవ్వినారని తెలుసు, ఏం చూసి నవ్వినారో తెలీదు. పిల్లోళ్ళను చంకనేసుకొని ఊర్లకూర్లు వచ్చి తెల్లారేదాకా ఎందుకు కూచునేవాళ్ళో ఎప్పుడూ అర్థం కాలే. ముందరికి పోయి చూసేకి నాకు పొద్దు యాడిది.

ఇంత చిన్నగా కోసినానా నేను. హారం, వంకీలు, కమ్మలు, అంతా చిల్లు చిల్లుకు ఎలుగుతాండాది. నేను కోసేటప్పుడు చిల్లు కనిపించె గాని, హారం కనిపించలే.

కింద అట్ట చదివినా. నిదానంగా ఒక్కొక్క అక్షరం. 'కోసినది హనుమంతమ్మ, ధర్మవరం. తోలు మార్చుకున్నది 1975.' రాత నీదే.

ఇంకోసారి చూస్తే, నడుము గొలుసులో ఒక తావ రెండు చిల్లులు కలిసిపోయినాయి. ఎనకనుంచి ఎన్నడూ తెలీలే. మీ మామ అది తడిమే ఉంటాడు. ఎందుకు చెప్పలేదో.

నేను అట్లే నిలబడితే ఎల్లప్ప వచ్చి, ఏమవ్వా, ఏమన్నా పోగొట్టుకుంటివా అనె. ఆ గొలుసు కాడ తప్పు పడింది నాయనా, ఉలి జారింది అంటి. నీకెట్ల తెలుసు అనె.

'నేనే గదప్పా కోసింది.'

ఇంతకాలంలో నోటితో అనింది ఇదే మొదలు. ఆయన నవ్వె. పిచ్చిదనుకున్నాడేమో. నా పేరు అడిగె. చెప్తి. వంగి అట్ట చదివె, నన్ను చూసె, మళ్ళా చదివె. పోయి, గుమ్మం కాడ తాను కూచునే స్టూలు తెచ్చి, తుండుగుడ్డతో దులిపి, తెర ముందర వేసె. వద్దన్నా ఇనలే. ఆయన నిలబడుకున్నాడు.

ధర్మవరం బస్సు నాలుగున్నరకంట. టైము అయితాంది, నీ మోకాళ్ళకు స్టాండుదాకా అరగంట పడుతుంది అవ్వా అని ఎల్లప్ప రెండుసార్లు చెప్పినాడు. పొయ్యి మింద ఏమీ పెట్టి రాలే. ఇంటికాడ నాకోసం ఎదురు చూసేవాళ్ళూ లేరు.

ఇంకో బస్సు ఆరింటికి ఉండాదంట. దాంట్లో పోతాలే. ఇంకొంచేపు ముందరే కూచుంటా.

మీ అత్త